చుల్లపంథక థేరుడు – మొద్దు అనిపించుకున్న భిక్ఖువు జీవితం





మన మనసులోకి కొన్ని మాటలు పిలవకుండానే వస్తాయి. నావల్ల కాదు. నాకు రాదు. నలుగురిలో నోరు తెరిస్తే నవ్వుతారు. మనం ఎంత చదివినా ఇంతే. పరీక్ష హాల్లో, ఇంటర్వ్యూ గది బయట, ఆఫీసులో పెద్దసారు ముందు, ఒక్కోసారి విహారంలో అందరి ముందు వందన చెప్పమన్నప్పుడు కూడా ఈ మాటలు టక్కున వచ్చి కూర్చుంటాయి. అవి మనం ఆలోచించి అనుకున్న మాటలు కావు. కనురెప్ప పడినట్టు వాటంతట అవే వస్తాయి. మన గొంతుతోనే వినపడతాయి కాబట్టి నిజమేననుకుంటాం.

ఇట్లాంటి ఒక్క మాటను నమ్మి సంఘాన్నే వదిలి వెళ్ళిపోబోయిన భిక్ఖువు ఒకరు భగవాన్ బుద్ధుని కాలంలో ఉన్నారు. ఆయన పేరు చుల్లపంథకుడు. థేరగాథల్లో ఆయన తన గురించి చెప్పుకున్న గాథలున్నాయి. తక్కిన జీవితం అట్ఠకథల్లో, వినయ పిటకంలో దొరుకుతుంది. బౌద్ధ దేశాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. మనోళ్ళలో చాలామందికి ఇంకా చేరలేదు. అందుకే ఈ చిన్న పుస్తకం.

దారిలో పుట్టినవాడు

సుమారు 2500 ఏళ్ళ కిందట మగధ రాజధాని రాజగహంలో ఒక గొప్ప శ్రేష్ఠి ఉండేవాడు. ఆయన కూతురు ఆ ఇంట్లోనే పనిచేసే దాసుణ్ణి ఇష్టపడింది. సంగతి తెలిస్తే ప్రాణాలు దక్కవని ఇద్దరూ రాత్రికి రాత్రే ఊరు విడిచి దూరంగా వెళ్ళి బతికారు. కాన్పు దగ్గరపడినప్పుడు ఆమెకు పుట్టింటికి పోవాలనిపించింది. భర్త ఇవాళ రేపు అంటూ భయంతో జాగు చేశాడు. ఆమె ఒక్కతే బయలుదేరింది. నడిదారిలో నొప్పులొచ్చి బిడ్డ పుట్టాడు. పాలీలో పంథం అంటే దారి. దారిలో పుట్టాడు కాబట్టి పంథకుడన్నారు. రెండో బిడ్డ కూడా అట్లాగే దారిలోనే పుట్టాడు. పెద్దవాడు మహాపంథకుడు, చిన్నవాడు చుల్లపంథకుడు అయ్యారు.

పిల్లలు పెరిగారు. తోటి పిల్లలు తాత, అమ్మమ్మ, మేనమామ అంటుంటే మనకెవరూ లేరా అని తల్లిని అడిగేవారు. తల్లి చివరికి రాజగహంలో ఉన్న తాత సంగతి చెప్పింది. నలుగురూ కలిసి రాజగహం వెళ్ళారు. ఊరి బయట ఆగి కబురు పంపారు. తాత మనవలను రమ్మన్నాడు. కూతురినీ అల్లుడినీ మాత్రం తన కంట పడవద్దన్నాడు. కొంత డబ్బు పంపించి అక్కడి నుంచే వెనక్కి పంపేశాడు.

ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగి చూడండి. తండ్రి గడప తొక్కడానికి వీల్లేని ఇంట్లో ఆ పిల్లలు పెరిగారు. అక్కడ అన్నం ఉంది, బట్ట ఉంది. కానీ తండ్రి పుట్టుకను తప్పుగా చూసే ఇల్లు అది. చిన్నవాడి మనసులో ఏముండేదో కథ చెప్పదు. కులాంతర వివాహం చేసుకున్న బిడ్డను గడప ఎక్కనివ్వని ఇళ్ళు ఇవాళ కూడా మనం చూస్తూనే ఉన్నాం. అట్లాంటి ఇంట్లో పెరిగే పిల్లగాడి మనసులో ఎట్లాంటి మాటలు నాటుకుంటాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

4 నెలలు, ఒక్క గాథ

పెద్దవాడు మహాపంథకుడు తాతతో కలిసి బుద్ధుని ప్రవచనాలకు వెళ్ళేవాడు. సంఘంలో చేరాడు. చురుకైనవాడు, త్వరలోనే అరహంతుడయ్యాడు. తనకు దొరికిన శాంతి తమ్ముడికి కూడా దొరకాలని తాత అనుమతి తీసుకుని తమ్ముడికీ ప్రవ్రజ్య ఇచ్చాడు. నేర్చుకోమని ఒక గాథ ఇచ్చాడు. నాలుగు పాదాల గాథ. వికసించిన తామరపువ్వును, ఆకాశంలో వెలిగే సూర్యుణ్ణి చూపించి బుద్ధుణ్ణి తలచుకునే గాథ అది.

చుల్లపంథకుడికి ఆ గాథ రాలేదు. కొత్త పాదం పట్టుకుంటే పాత పాదం జారిపోయేది. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, 4 నెలలు గడిచాయి. ఒక్క గాథ నోటికి రాలేదు. తోటి భిక్ఖువులు మొద్దు అన్నారు. అన్న ఓపిక నశించింది. ఈ శాసనంలో నీవల్ల అయ్యేది ఏమీ లేదు, ఇంటికి వెళ్ళి దానధర్మాలు చేసుకుంటూ బతుకు అని చెప్పేశాడు.

అన్న చెడ్డవాడు కాదు. తమ్ముడి మీద ప్రేమ ఉన్నవాడే. మన ఇళ్ళల్లో కూడా అంతే కదా. నీకు లెక్కలు రావులే, మనకెందుకురా పెద్ద చదువులు అనేవాళ్ళు చాలాసార్లు మనకు అన్నం పెట్టిన చేతులవాళ్ళే. పగవాడు అంటే ఎదురు తిరుగుతాం. అన్న అంటే నమ్మేస్తాం. ఆ మాట లోపలికి దిగి, కొన్నాళ్ళకు మన సొంత మాట అయిపోతుంది.

అదే రోజుల్లో వైద్యుడు జీవకుడు బుద్ధుణ్ణీ సంఘాన్నీ మరునాటి భోజనానికి పిలిచాడు. ఎంతమంది వస్తారో చెప్పే బాధ్యత మహాపంథకుడిది. అందరి తరఫునా ఒప్పుకున్నాడు, ఒక్క చుల్లపంథకుణ్ణి తప్ప. తమ్ముడు ఈ మాట విన్నాడు. 500 మంది లెక్కలో తను లేడు. ఇక తనకు ఇక్కడ చోటు లేదని తీర్మానించుకున్నాడు. తెల్లవారకముందే చీవరం విడిచి వెళ్ళిపోదామని లేచాడు.

గుమ్మం దగ్గర

ఆ తెల్లవారుజామున బుద్ధుడు ముందుగానే వచ్చి విహారం గుమ్మం దగ్గర పచార్లు చేస్తున్నాడు. ఈ వేళప్పుడు ఎక్కడికి అని అడిగాడు. అన్న వెళ్ళగొట్టాడు, వెళ్ళిపోతున్నాను అని చెప్పాడు చుల్లపంథకుడు. నువ్వు ప్రవ్రజ్య తీసుకున్నది నా శాసనంలో కదా, అన్న పొమ్మంటే నా దగ్గరికి ఎందుకు రాలేదు అన్నాడు బుద్ధుడు. తల నిమిరాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తన గంధకుటి ముందు కూర్చోబెట్టాడు. థేరుడు తన గాథల్లో గుర్తు చేసుకున్నది ఈ క్షణాన్నే. తల మీద పడిన ఆ చేతిని ఆయన మరచిపోలేదు.

ఇక్కడ బుద్ధుడు ఏం చేయలేదో గమనించాలి. నువ్వు మొద్దువి కావు, మహా తెలివైనవాడివి అని పొగడలేదు. ఆ మాట చుల్లపంథకుడు నమ్మేవాడు కూడా కాదు, 4 నెలల అనుభవం ఎదురుగా ఉంది కదా. ఇంకో గాథ ఇచ్చి గట్టిగా చదవమని కూడా అనలేదు. ఒక శుభ్రమైన గుడ్డముక్క చేతికిచ్చాడు. థేరగాథల్లో అది కాళ్ళు తుడుచుకునే గుడ్డ. తూర్పు వైపు తిరిగి కూర్చుని, దాన్ని చేత్తో రుద్దుతూ, రజోహరణం అనే ఒక్క మాట అనుకుంటూ ఉండమన్నాడు. రజోహరణం అంటే దుమ్ము తుడవడం. చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు.

చుల్లపంథకుడు కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. చేతికి చెమట పట్టింది. రుద్దగా రుద్దగా గుడ్డ నల్లబడింది. ఆయన దాన్ని చూశాడు. పొద్దున తెల్లగా ఉన్న గుడ్డే ఇది. ఇప్పుడు మురికి. ఈ మురికి గుడ్డతో పుట్టలేదు, అంటుకుంది. అంటుకున్నది గుడ్డ స్వభావం కాదు. ఏదీ ఉన్నది ఉన్నట్టుగా నిలవదు. ఆ చూపు మెల్లిగా లోపలికి తిరిగింది. అసలు దుమ్ము అంటే నేల మీది దుమ్ము కాదు, రాగం, ద్వేషం, మోహం అని బుద్ధుని బోధ ఆయనకు అందింది. నోటికి గాథ రాని మనిషి, కళ్ళముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి అరహంతుడయ్యాడు.

నేను పనికిరానివాణ్ణి అనే తలపు కూడా మోహమే. వచ్చి పోయే ఒక తలపును పట్టుకుని అదే నేను అనుకోవడం మోహం కాక మరేమిటి?

పాత్ర మీద చెయ్యి

జీవకుడి ఇంట్లో అందరూ పంక్తిలో కూర్చున్నారు. దానం ఇచ్చే నీళ్ళు పోయబోతే బుద్ధుడు తన పాత్ర మీద చెయ్యి మూశాడు. విహారంలో ఇంకా భిక్ఖువు ఉన్నాడు కదా అన్నాడు. ఎవరూ లేరన్నాడు మహాపంథకుడు. ఉన్నాడన్నాడు బుద్ధుడు. జీవకుడు మనిషిని పంపాడు. ఆ మనిషి వెళ్ళేసరికి మామిడితోపు నిండా వెయ్యి మంది భిక్ఖువులు కనిపించారనీ, చుల్లపంథకుడు ఎవరు అంటే అందరూ నేనే అన్నారనీ అట్ఠకథ వర్ణిస్తుంది. బాబాసాహెబ్ బాటలో నడిచే మనకు ఈ అద్భుతం అవసరం లేదు. అద్భుతం పక్కన పెట్టినా కథకు లోటు రాదు. వదిలేసిన ఒక్క మనిషి వచ్చి కూర్చునేదాకా బుద్ధుడు ముద్ద ముట్టలేదు, మనకు కావలసింది అదే.

భోజనం అయ్యాక అనుమోదన ఉపదేశం ఎవరు చెయ్యాలి? చుల్లపంథకుడి పాత్ర తీసుకో, ఆయనే చెబుతాడు అన్నాడు బుద్ధుడు జీవకుడితో. ఒక్క గాథ రాదని పొమ్మన్న మనిషి ఆ రోజు అన్న ముందు, సంఘం ముందు, ఊరి పెద్దల ముందు ధమ్మం చెప్పాడు.

జీవకుడి సంగతి కూడా తెలుసుకోవాలి. రాజగహంలో ఒక గణిక కన్న బిడ్డ ఆయన. పుట్టగానే చెత్తకుప్ప మీద పారేస్తే అభయ రాజకుమారుడు తెచ్చి పెంచాడు. తక్కసిలలో 7 ఏళ్ళు వైద్యం చదివి దేశంలోనే పేరున్న వైద్యుడయ్యాడు. కుప్ప మీద దొరికినవాడి ఇంట్లో, దారిలో పుట్టినవాడు ధమ్మం చెప్పాడన్నమాట. బీహార్‌లోని రాజగిరికి యాత్ర వెళ్ళేవాళ్ళు గృధ్రకూటం దారిలో జీవకుడి మామిడితోపు ఉన్న చోటు చూడవచ్చు. తవ్వకాల్లో బయటపడిన అండాకారపు రాతి పునాదులు అక్కడ ఉన్నాయి.

అయినా పాత పేరు పోలేదు

అరహంతుడయ్యాక కూడా జనం నోట ఆ మొద్దు అనే పేరు వెంటనే పోలేదు. వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. భిక్ఖునులకు ఉపదేశం చెప్పే వంతు ఒకసారి చుల్లపంథకుడికి వచ్చింది. ఇవాళ ఉపదేశం ఏం బాగుంటుందిలే, ఒకే గాథను మళ్ళీ మళ్ళీ చెబుతాడు అని కొందరు భిక్ఖునులు ముందే అనుకున్నారు. ఆయన అదే గాథ చెప్పాడు కూడా. వాళ్ళు మేము అనుకున్నదే అయింది అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఒకప్పుడైతే ఆ ఒక్క మాటకు తెల్లవారుజామున లేచి వెళ్ళిపోయేవాడు. ఈసారి కదలలేదు. అదే గాథతో పాటు ఇంకా ఎన్నో చెప్పుకుంటూ పోయాడు. వినేవాళ్ళకు పొద్దు పోయిన సంగతే తెలియలేదు. వాళ్ళు వెళ్ళేసరికి నగర ద్వారం మూసేశారు. దానివల్లే, పొద్దు గుంకాక భిక్ఖునులకు ఉపదేశం చెప్పకూడదనే నియమం వచ్చింది.

లోకం అనే మాట ఒకటి, అది మన లోపల పాతుకుపోవడం మరొకటి. మొదటిది మన చేతిలో ఉండకపోవచ్చు. రెండోది చూసుకోవచ్చు. చిత్తాన్ని మలుపు తిప్పడంలో నేర్పరులైన భిక్ఖువుల్లో చుల్లపంథకుడే అగ్రగణ్యుడని బుద్ధుడు ప్రకటించినట్టు అంగుత్తర నికాయంలో ఉంది.

పూర్వజన్మ అనే సంకెల

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. చుల్లపంథకుడు మొద్దుగా ఉండడానికి కారణం పూర్వజన్మలో ఒక మందబుద్ధి భిక్ఖువును చూసి నవ్వడమేనని అట్ఠకథ చెబుతుంది. అట్ఠకథలు చాలా తర్వాతి కాలంలో రాసినవి. థేరుడు స్వయంగా చెప్పుకున్న గాథల్లో తన మొద్దుతనానికి పూర్వజన్మ కారణమనే మాట లేదు. ఆ తెల్లవారుజామున గుమ్మం దగ్గర బుద్ధుడు నీ పాత కర్మ అనుభవించు అనలేదు. చేతికి గుడ్డ ఇచ్చాడు, అంతే.

బాబాసాహెబ్ అంబేద్కర్ తన బుద్ధుడు–ఆయన ధమ్మం గ్రంథంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. పేదవాడి పేదరికానికి, అంటరానితనానికి ఆ మనిషినే బాధ్యుణ్ణి చేసే సిద్ధాంతం అది. మన తలరాత, మన కర్మ, మన పుట్టుక ఇంతే అనే మాటలు కూడా మనసులోకి పిలవకుండా వచ్చే మాటలే. వాటిలో అన్నిటికంటే పాతవి. తరతరాలుగా చెవిలో పోసినవి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళు ఆ మాటలనే వదిలేశారు. నోటితో వదిలేశాం, మంచిదే. మనసులోంచి వదిలించుకునే పని రోజూ ఉంటుంది.

బాబాసాహెబ్ చిన్నప్పుడు సతారా బడిలో మిగతా పిల్లలకు దూరంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవారు. సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళాలి, బడి ఊడ్చే మనిషి కూడా ముట్టడు కాబట్టి. రోజూ ఆ పట్టా మీద కూర్చునే పిల్లవాడికి నేను తక్కువవాణ్ణి అనే తలపు రావడం సహజం. ఆయన ఆ మాటను తీర్పుగా తీసుకోలేదు. ఈ మాట ఎవరు పుట్టించారు, ఎందుకు పుట్టించారు అని జీవితమంతా అడిగారు. లోపల అడుగుతూనే బయట మహద్ చెరువుకు నడిచారు. కాబట్టి మనసును చూసుకోవడమంటే అన్యాయాన్ని సహించడం కాదు. చుల్లపంథకుడికి గుడ్డ ఇచ్చిన బుద్ధుడే జీవకుడి ఇంట్లో పాత్ర మీద చెయ్యి మూశాడు. రెండు పనులూ ధమ్మమే.

మనం ఎట్లా చెయ్యాలి

డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉందనుకోండి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మీడియంలోకి వచ్చింది. రోజూ 2 గంటలు బస్సు ప్రయాణం. మొదటి పరీక్షలో 100కి 38 మార్కులు వచ్చాయి. కాగితం చూడగానే నేను మొద్దును, నాకు ఈ చదువు రాదు అనే మాట వచ్చింది. ఆమె ఏం చెయ్యాలి?

మొదట ఆ మాట వచ్చిందని గుర్తించాలి. కొట్టి తరమనక్కర్లేదు. ఓహో, మొద్దు అనే మాట వచ్చింది అని లోపల చెప్పుకుంటే చాలు. చిత్తంలో ఏముందో అది ఉందని తెలుసుకోవడమే సతిపట్ఠానంలో చిత్తానుపస్సన.

తర్వాత దుమ్మును, గుడ్డను వేరు చేసి చూడాలి. 38 మార్కులు వచ్చాయి, అది జరిగింది. మొద్దు అనేది దానికి అంటుకున్న మాట. జరిగింది కాదు.

ఆ తర్వాత మెల్లిగా అడగాలి. కేవలం నలుగురూ అంటున్నారని దేన్నీ నమ్మవద్దని కాలాములకు బుద్ధుడు బోధించాడు. మనసు చెప్పే మాటకు కూడా అదే పరీక్ష పెట్టాలి. ఈ మాట మొదట ఎవరి నోట విన్నాను? ఇదే కష్టం నా చెల్లెలికి వస్తే నేను ఆమెను ఇట్లాగే అంటానా? ఈ తలపు నాకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? తన తలపులను మేలు చేసేవి, కీడు చేసేవి అని రెండుగా విడదీసి చూసుకున్నానని బుద్ధుడే మజ్ఝిమ నికాయంలో చెప్పాడు. మనిషి దేన్ని ఎక్కువగా తలుస్తాడో మనసు అటే వాలుతుందని కూడా చెప్పాడు.

అడిగేటప్పుడు పోలీసులాగా అడగకూడదు. మజ్ఝిమ నికాయంలోనే ఒక పోలిక ఉంది. వడివడిగా నడిచే మనిషి ఎందుకింత తొందర అనుకుని నెమ్మదిగా నడుస్తాడు. ఎందుకు నడవాలి అనుకుని నిలబడతాడు. తర్వాత కూర్చుంటాడు, తర్వాత పడుకుంటాడు. తలపును కూడా అట్లా ఒక్కో మెట్టు దింపాలి. నాకు ఈ చదువు రాదు అన్న మాట, ఈ పరీక్ష సరిగా రాయలేదు అన్న మాటకు దిగితే చాలు. అక్కడినుంచి, ఇంగ్లీషు పదాలకు ఎవరి సాయం అడగాలి అన్న ప్రశ్న పుడుతుంది. మొదటి మాటతో పుస్తకం మూసేస్తాం. చివరి ప్రశ్నతో మళ్ళీ తెరుస్తాం.

ఒక్కరోజులో అయ్యే పని కాదిది. రుద్దిన గుడ్డ మళ్ళీ మురికవుతుంది, మళ్ళీ ఉతుకుతాం. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఒంటరిగా లాక్కురావద్దు. బుద్ధుడంతటివాడే జీవకుడి దగ్గర వైద్యం చేయించుకున్నాడు. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పక్కవాడి కోసం కూడా

చివరిగా ఒక్క పని. వచ్చే పౌర్ణమికి విహారంలో కూర్చున్నప్పుడు ఎవరు రాలేదో చూడండి. వచ్చినా వెనక వరుసలో నోరు విప్పకుండా ఎవరు కూర్చున్నారో చూడండి. పాలీ పలకడం రాదని సిగ్గుపడే ముసలమ్మ కావచ్చు, పరీక్ష తప్పి ముఖం చాటేసిన పిల్లగాడు కావచ్చు. ఆమెకు అక్షరాలు రావులే, వాడికి ధ్యాస ఉండదులే అని మనమే అనుకుంటున్నామేమో ముందు మన మనసులో చూసుకోవాలి. తర్వాత వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందు వరుసలోకి తీసుకురండి. సరణత్తయం ఒక్క పాదమే వస్తే ఆ ఒక్క పాదమే చెప్పనివ్వండి.

భవతు సబ్బ మంగళం.
జై భీమ్.